ఇంట్లో కాన్పు అందరికీ కుదరదు

అమ్మమ్మల కాలంలో కాన్పులు ఇంట్లోనే జరిగాయి కదా, ఇక్కడ ఎందుకు కూడదని కొందరు అడుగుతుంటారు.

ఆస్ట్రేలియాలో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రులు మిడ్‌వైఫ్‌లను ఇంటికి పంపి కాన్పు చేయిస్తాయి. కాని చిక్కులు లేని గర్భిణులకే. కవలలున్నా, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నా ఒప్పుకోరు. అలాంటప్పుడు బిడ్డకు ఊపిరి అందకపోతే నిమిషాల్లో ఆపరేషన్ కావాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆగదు.

దక్షిణ ఆస్ట్రేలియాలో ఇంటి కాన్పుల్లో ముగ్గురు పసిబిడ్డలు పోయారు. వారిలో ఒకరు కవలల్లో ఒకరు, ఇంకొకరు ఎదురుకాళ్ళ బిడ్డ. ఆసుపత్రిలో అయితే ఈ మరణాలు తప్పేవని 2012లో కరోనర్ విచారణలో తేలింది.

తెలిసిన మనిషి పక్కనుండాలన్నదే మీ కోరికైతే, మొదటి నుంచి చివరిదాకా ఒకే మిడ్‌వైఫ్ చూసే పద్ధతి మీ ఆసుపత్రిలో ఉందేమో ముందే అడగండి.