ఇంటి స్టూడియోకు తగిన మైక్రోఫోను

1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రము తెరచిన రోజులలో, పాడువాడు తన పాటను తాను వినుట అరుదైన భాగ్యము. నేడు పడకగదిలో ఒక మూల బల్లమీద కంప్యూటరు, ఒక చిన్న పెట్టె, ఒక మైక్రోఫోను అమర్చినచో అదియే స్టూడియో యగుచున్నది. లలితగీతములు నేర్చు బాలికయు, పద్యములు చదువు ఉపాధ్యాయుడును, పిల్లలకు కథలు వినిపింపగోరు గృహిణియు మమ్మడుగు ప్రశ్న ఒక్కటే: “తక్కువ ఖర్చులో మంచి మైక్రోఫోను ఏది?” ఈ ప్రశ్నకు తప్పు జవాబు దొరికినచో నష్టము సొమ్ముతో పోదు. గది వలన కలిగిన దోషమును తన గొంతులోని దోషముగా భ్రమించి, పాడుటయే మానుకొనువారు కలరు. కావున ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

గాలిలోని కంపనమును విద్యుత్తుగా మార్చుట మైక్రోఫోను పని. ఆ పని జరుగు తీరులు ముఖ్యముగా రెండు. డైనమిక్ రకములో పలుచని పొరకు సన్నని తీగచుట్ట యొకటి అంటియుండును. మాట తాకిడికి పొర కదలగా, ఆ తీగచుట్ట అయస్కాంతము నడుమ ఊగును. తీగలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. కండెన్సరు రకములో పొరకు అతిసమీపమున ఒక లోహఫలకము ఉండును. రెంటి నడుమ ఎడము మారినకొలది విద్యుత్తు మారును. దీనిని 1916లో అమెరికాలో ఇ. సి. వెంటె రూపొందించెను. 1962లో బెల్ ప్రయోగశాలలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనువారు శాశ్వతముగా విద్యుదావేశము నిలుపుకొను ఎలెక్ట్రెట్ పొరను ఉపయోగములోనికి తెచ్చిన పిమ్మట కండెన్సరు మైక్రోఫోను సామాన్యులకు అందుబాటులోనికి వచ్చెను.

డైనమిక్ రకము మోటుపనికి ఓర్చును. 1966లో వెలువడిన షూర్ ఎస్సెమ్ 58 అను నమూనా నేటికిని వేదికలమీద కనబడుచున్నది. కండెన్సరు సున్నితమైనది, శ్వాసలోని నునుపును, గమకములోని అంచులను స్పష్టముగా పట్టుకొనును. అంకెలలో చెప్పవలెనన్నచో, ఒకే ధ్వనికి ఎస్సెమ్ 58 సుమారు 1.85 మిల్లీవోల్టులు ఈయగా, ఆరంభకులు తరచుగా కొను ఆడియో టెక్నికా ఏటీ 2020 అను కండెన్సరు సుమారు 14 మిల్లీవోల్టులు ఇచ్చును. ఈ పేర్లు ఉదాహరణములే గాని సిఫారసులు కావు.

ఇక్కడ ఒక అపోహను తొలగింపవలెను. కండెన్సరు సున్నితమైనది గనుక వీథిలోని చప్పుడునంతటిని లాగుకొనునని పలువురు చెప్పుదురు. కాని సున్నితత్వము వలన చప్పుడుతోపాటు గొంతు కూడ అదే పాళ్లలో పెరుగును. అసలు తేడా దూరములో నున్నది. డైనమిక్ మైక్రోఫోనును పెదవులకు దగ్గరగా పట్టుకొందుము. కండెన్సరును జానెడు దూరమున నిలుపుదుము. నోటినుండి దూరము రెట్టింపైనప్పుడెల్ల గొంతు 6 డెసిబెళ్లు తగ్గును. గదిలోని ప్రతిధ్వనియు, పంకా రొదయు మాత్రము ఇంచుమించు అట్లే ఉండును. 5 సెంటీమీటర్లనుండి 20 సెంటీమీటర్లకు జరిగినచో గొంతు 12 డెసిబెళ్లు పడిపోయినట్లే. అందువలననే గోల యున్న ఇంటిలో దగ్గరగా పాడదగిన మైక్రోఫోను మేలు.

గాత్రమునకు వాడు మైక్రోఫోనులలో అధికభాగము ముందువైపు వినుచు, వెనుకవైపు చెవిటిగా నుండును. ఆ వినికిడి పరిధిని చిత్రించినచో హృదయాకారముగా కనబడును. కావున కిటికీ యున్న వైపునకు మైక్రోఫోను వీపు తిప్పవలెను. తలపైనున్న పంకాకు ఈ ఉపాయము పూర్తిగా పనిచేయదు. రికార్డు చేయు ఆ కొద్ది నిమిషములు దానిని ఆపుటయే మార్గము. ఇట్టి మైక్రోఫోనుకు మరియొక స్వభావము కలదు: నోరు దగ్గరైనకొలది మంద్రము బలియును. పీలగొంతుకు ఇది పుష్టినిచ్చును. బరువైన గొంతును మసక చేయును.

ఇక గది సంగతి. మైక్రోఫోను కొనకముందే గది నడుమ నిలిచి ఒకసారి చప్పట్లు కొట్టి చూడుడు. ఖంగుమని మ్రోగినచో ఎంత ఖరీదైన మైక్రోఫోనును తెచ్చినను ఆ మ్రోత పాటలో చేరును. బోసిగోడలు, నాపరాతి నేల, అద్దపు కిటికీలు శబ్దమును తిప్పికొట్టును. పరుపు, బొంతలు, మందపు తెరలు, బట్టలతో నిండిన బీరువా దానిని మ్రింగును. తలుపు తెరచిన బట్టల బీరువాకు వీపు పెట్టి, ఇరుప్రక్కల బొంతలు వ్రేలాడదీసి పాడినచో, కొత్తగా ఖర్చు లేకయే సగము స్టూడియో సిద్ధమైనట్లే. ఇది గదిలోని మ్రోతను తగ్గించును గాని, వెలుపలి రొదను ఆపదు. దానికి వేకువజామును ఎంచుకొనవలెను.

పరికరముల పట్టికలలో “స్వీయరొద” అను అంకె యుండును. అది మైక్రోఫోను తనంతట తాను చేయు చప్పుడు. ఏటీ 2020కి అది 20 డెసిబెళ్లు. రోడ్ ఎన్‌టీ 1ఏ అను నమూనాకు 5 మాత్రమే. ఆ తేడా పెద్దదే. కాని పట్టణములలోని ఇండ్లు రాత్రివేళ కూడ 20 డెసిబెళ్లకన్న నిశ్శబ్దముగా నుండుట అరుదు. ఇల్లే అంతకన్న ఎక్కువ రొద చేయుచుండగా, ఆ అంకె కొరకు అధికముగా చెల్లించుట వ్యర్థము.

కొనువారు మైక్రోఫోను ధరను మాత్రమే చూచి సొమ్మంతయు దానిమీదనే వెచ్చింపరాదు. సాధారణపు మైక్రోఫోనును కంప్యూటరుకు కలుపుటకు ఇంటర్‌ఫేస్ అను పెట్టె కావలెను. కండెన్సరుకు 48 వోల్టుల విద్యుత్తును అదియే అందించును. డైనమిక్ రకమునకు ఆ విద్యుత్తు అక్కరలేదు గాని, దాని బలహీనమైన సంకేతమును రొద లేకుండ పెంచగల శక్తి పెట్టెకు ఉండవలెను. వీనికి తోడు కేబులు, స్టాండు, చెవులను పూర్తిగా కప్పు హెడ్‌ఫోనులు, నోటికెదురుగా నుంచు తెర అవసరము. ఒంటరిగా మాటాడుటకో, చదువుటకో అయినచో నేరుగా కంప్యూటరుకు తగిలించు యూఎస్‌బీ మైక్రోఫోను చాలును. పెట్టె ఖర్చు తప్పును. కాని తరువాత వీణకో, హార్మోనియమునకో రెండవ మైక్రోఫోను చేర్చదలచినచో అందులో చిక్కు కలదు.

సారాంశమిది. ఇల్లు సందడిగానున్నచో, గొంతు బలమైనదైనచో, డైనమిక్. గది కొంత నెమ్మదిగానుండి, గొంతు మృదువైనదైనచో, కండెన్సరు. ప్రసిద్ధ నమూనాలకు నకిలీలు విరివిగా వచ్చుచున్నవి. నమ్మకమైన దుకాణముననే రసీదుతో కొనవలెను. వీలైనచో కొనకముందు మీ గొంతుతోనే, మీరెరిగిన పాటతోనే పరీక్షింపుడు. ప, ఫ, బ, భ లు వచ్చుచోట గాలి కొట్టుచున్నదా, స, శ, చ లు చెవిలో గుచ్చుచున్నవా గమనింపుడు. గాలి కొట్టినచో మైక్రోఫోనును నోటికి సూటిగా గాక కొంచెము ప్రక్కకు జరుపవలెను.

తొలిసారి తమ రికార్డింగు విన్నవారికి గొంతు పలుచగా, పరాయిదిగా తోచును. ఏలయన, మన మాటను మనము చెవులతోనే గాక కపాలపుటెముకల ద్వారా కూడ విందుము; ఆ మార్గమున వచ్చు మంద్రము మైక్రోఫోనుకు చేరదు. ఇది యంత్రదోషము కాదు, గొంతుదోషమును కాదు. ఇంటనున్న పెద్దలు ఈ సంగతి పిల్లలకు ముందుగా చెప్పుదురుగాక. వారము దినములు అదే పాటను అదే చోట పాడి, దినదినము విన్న పిమ్మటనే మైక్రోఫోను మార్చవలెనా, గది సవరింపవలెనా, సాధన పెంచవలెనా నిర్ణయింపుడు.