మీకు తెలుసా? పదకొండో వంతు పాట

సీడీలో స్టీరియో పాటకు సెకనుకు 1,411 కిలోబిట్లు. వెలుగోడులోనో నంద్యాలలోనో సెల్ షాపులో మెమరీ కార్డుకు ఎక్కించుకునే 128 కిలోబిట్ల ఎంపీ3కి దక్కేది అందులో పదకొండో వంతే. పెద్ద శబ్దం చాటున చెవికి ఆనవనుకున్న చిన్న శబ్దాల్ని ఎంపీ3 వదిలేస్తుంది. 1980 నాటి ‘శంకరాభరణం’ సినిమా పాటల్లో మృదంగం మీద పడ్డ వేలి దెబ్బ మొద్దుబారేది ఇలా కుదించడంలోనే. అలాగని క్యాసెట్టే మేలంటారా? దానికి టేపు బుస ఉండనే ఉంది, అరిగితే మరీను! సీడీ నుంచి నేరుగా చేసిన 320 కిలోబిట్ల ఎంపీ3లో తేడా పట్టడం చాలామందికి కష్టమే. అసలు తంటా, నన్నడిగితే, అరిగిన క్యాసెట్ నుంచి తీసి, కుదించిన పాటనే మళ్లీ మళ్లీ కుదించడంతో. అలా పోయిన శబ్దం, ఫైలుకు 320 అని పేరు పెట్టినా తిరిగి రాదు.