వంతెన: కట్టడం, కాపాడటం

దారికి అడ్డంగా నీరు వచ్చిన చోట మానవునికి వంతెన అవసరమైంది. పూర్వం వాగుకు అడ్డంగా తాటిమాను వేసుకొని దాటేవారు. నేడు అదే వాగు మీద బస్సులు, బరువు లారీలు రాత్రింబవళ్ళు పోతున్నాయి. ఈ బరువును మోసే వంతెనను ఎలా కడతారు? కట్టిన తరువాత ఎలా కాపాడతారు? తెలుసుకొందాం.

కోలారు నుంచి ముళబాగిలు, నంగలి మీదుగా పలమనేరు వైపు సాగే జాతీయ రహదారిని పూర్వం 4వ నంబరు రహదారి అనేవారు. బైరకూరు ప్రాంతపు విద్యార్థులకు ఇది పరిచయమైన దారే. మన జిల్లాలో పెద్ద నదులు లేవు. చెరువులు, వంకలే ఎక్కువ. అందువల్ల మనకు తరచుగా కనిపించేవి మోరీలు, చిన్న వంతెనలు. ఇంజనీర్ల లెక్కలో 6 మీటర్ల వరకు పొడవున్నది మోరీ, అంటే కల్వర్టు. 60 మీటర్ల వరకు ఉన్నది చిన్న వంతెన. అంతకు మించినది పెద్ద వంతెన.

వంక ఎండి ఉన్నప్పుడు “ఇంత చిన్న వంకకు ఇంత ఎత్తు వంతెన ఎందుకు?” అనిపిస్తుంది. పాపాగ్ని నది దీనికి సమాధానం చెబుతుంది. ఈ నది నంది కొండల ప్రాంతంలో పుడుతుంది. 2007 వరకు ఆ ప్రాంతం కోలారు జిల్లాలోనిదే. ఇప్పుడు చిక్కబళ్ళాపురం జిల్లా. ఏడాదిలో చాలాకాలం ఇసుకగానే కనిపించే పాపాగ్ని కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. 2021 నవంబరులో భారీ వానలు కురిసి, వెలిగల్లు జలాశయం నుంచి నీటిని వదిలారు. ఆ ఉద్ధృతికి కమలాపురం వద్ద రహదారి వంతెన కూలిపోయింది. కడప, అనంతపురాల మధ్య ఆ దారిలో రాకపోకలు నిలిచిపోయాయి.

కాబట్టి వంతెన రూపకల్పనలో మొదటి లెక్క నీటిదే. వాగులోకి ఎంత విస్తీర్ణం నుంచి వాననీరు చేరుతుందో కొలుస్తారు. పాత వరద గుర్తులను, ఊరి పెద్దలు చూపే ఆనవాళ్ళను నమోదు చేస్తారు. ఎన్నో ఏండ్లకు ఒకసారి వచ్చే పెద్ద వరదను అంచనా వేసి, అది సాఫీగా పోయేటట్లు కన్నులు విడుస్తారు. కన్నులు చాలకపోతే నీరు ఎగువన పోటెత్తుతుంది; దిగువకు వేగంగా దూకి నేలను కోస్తుంది. చెరువులు గొలుసుకట్టుగా ఉన్న చోట ఒక కట్ట తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుందని కూడా మరువరాదు.

రెండవది పునాది. ప్రవాహం వంతెన స్తంభాన్ని తాకి కిందికి తిరిగి, సుడులుగా మారి, మొదట్లోని ఇసుకను తవ్వేస్తుంది. వరద తీసినప్పుడు ఆ గుంట మళ్ళీ ఇసుకతో పూడుతుంది. అందుచేత వేసవిలో చూసేవారికి జరిగిన కోత కనిపించదు. ఇసుక నేలలో ఆ కోత ఎంత లోతుకు పోగలదో లెక్కగట్టి, దానికి మూడోవంతు అదనంగా కలిపి పునాది దించుతారు. గట్టి రాయి తగిలితే పునాదిని ఆ రాతిలోనే నాటుతారు.

మూడవది బరువు. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మన దేశపు వంతెనలకు నియమాలు రూపొందించింది. వాటిలో 70 టన్నుల గొలుసు చక్రాల బండి భారం ఒకటి. ముఖ్యమైన రహదారి వంతెనలు దానిని మోయగలగాలి. ఎండ ప్రభావాన్ని కూడా లెక్కించాలి. 30 మీటర్ల దూలం 30 డిగ్రీల వేడి పెరిగితే సుమారు ఒక సెంటీమీటరు పొడవు పెరుగుతుంది. అందుకే దూలాల నడుమ సందులు విడిచి, వాటి కింద కదలికకు వీలిచ్చే బేరింగులు అమర్చుతారు. వంతెన మీద బస్సు పోతుంటే వినిపించే “టక్ టక్” శబ్దం ఆ సందులదే.

కట్టడంతో పని ముగియదు. వంతెనకు ప్రధాన శత్రువు నిలిచిన నీరు. నీళ్ళు పోయే గొట్టం మట్టితో పూడితే తేమ కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప కడ్డీలకు తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. పగుళ్ళలో మొలిచిన రావి మొక్క వేళ్ళు ఆ పగులును మరింత పెంచుతాయి. వానకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి వంతెనను పరీక్షించాలి. గొట్టాలు శుభ్రం చేయాలి, మొక్కలు పెరికివేయాలి, సందులలో చేరిన రాళ్ళు తీయాలి, పునాదుల వద్ద కోత చూడాలి. 2016లో కేంద్ర ప్రభుత్వం జాతీయ రహదారుల మీది వంతెనల వివరాలను, వాటి స్థితిని నమోదు చేసే విధానాన్ని ప్రారంభించింది.

శ్రద్ధ ఉంటే వంతెన తరతరాలకు ఉపయోగపడుతుంది. రాజమండ్రి వద్ద గోదావరి మీద 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ రైలు వంతెన 1997 వరకు సేవ చేసింది. ఇనుప వంతెనకు రంగు అలంకారం కాదు, తుప్పును ఆపే కవచం.

వంతెన రక్షణలో ప్రజల పాత్ర కూడా ఉంది. స్తంభాల వద్ద ఇసుక తవ్వితే పునాది బయటపడుతుంది. మోరీలో చెత్త వేస్తే వరద దారి మూసుకుపోతుంది. వంతెన మీద నీరు పారుతున్నప్పుడు అడుగున దారి ఉందో, కొట్టుకుపోయిందో పైకి తెలియదు. అప్పుడు ఎంత తొందర పని ఉన్నా దాటకూడదు. పగులు, కుంగిన దారి కనిపిస్తే పెద్దలకు, అధికారులకు వెంటనే తెలపాలి. ఆ ఒక్క మాట ఒక బస్సునిండా ఉన్నవారి ప్రాణాలు నిలపవచ్చు.

ప్రశ్నలు

1. ఎండిన వంకకు కూడా ఎత్తైన వంతెన ఎందుకు అవసరం?
2. స్తంభం మొదట జరిగిన కోత వేసవిలో ఎందుకు కనిపించదు?
3. తుప్పు వల్ల కాంక్రీటు ఎలా పగులుతుంది?
4. మీ ఊరి దగ్గరి మోరీని పెద్దలతో కలిసి గట్టు మీద నుంచి చూసి, దాని స్థితిని పది వాక్యాలలో రాయండి.