మాట - సమ్మతి

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలల్లో మిరప పండించే రైతు సరకును గుంటూరు యార్డుకు పంపి, ధర తెలుసుకొనడానికి కమీషన్ వ్యాపారికి ఫోను చేస్తాడు. బేరంతోపాటు పాత బాకీ, కూతురి పెళ్ళి కూడా మాటల్లో దొర్లుతాయి. ఇద్దరిలో ఎవరైనా దానిని రికార్డు చేయవచ్చు. ధరపై పేచీ వచ్చినప్పుడు ఆ రికార్డు రైతుకే అండ కావచ్చు. కాని అతని సమ్మతి లేకుండా ఇంటి సంగతులూ పరుల చేత చిక్కుతాయి.

చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ప్రభుత్వం పౌరుల ఫోను సంభాషణలను చాటుగా వినరాదని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. మరి ఇంటివారే వింటే? 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఈ ప్రశ్నే వచ్చింది. విడాకుల వ్యాజ్యంలో ఒక భర్త, తన భార్య ఇతరులతో జరిపిన ఫోను సంభాషణల రికార్డును సాక్ష్యంగా చూపబోయాడు. అది భార్య గోప్యతకు భంగమనీ, చట్టవిరుద్ధమనీ, సాక్ష్యంగా చెల్లదనీ హైకోర్టు నిర్ణయించింది. భార్య తన తల్లిదండ్రులతో మాట్లాడే మాటలనైనా నమ్మలేని భర్త ఉన్నచోట వివాహవ్యవస్థకే అర్థముండదని వ్యాఖ్యానించింది. కఠినమైన మాటే, కాని ఉచితమైనది.

2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా గుర్తించింది. అయినా వివాదం తీరలేదు. దంపతుల వ్యాజ్యంలో వారి సంభాషణను ఒకరు రహస్యంగా రికార్డు చేసినా, దానిని సాక్ష్యంగా స్వీకరించవచ్చునని 2025 జూలైలో సుప్రీంకోర్టు పేర్కొన్నది. ఒకరిపై ఒకరు నిఘా పెట్టుకొనే స్థితి వస్తే, ఆ బంధం అప్పటికే బీటలు వారినట్లేనని కూడా అన్నది. ఆ తీర్పు దంపతుల వ్యాజ్యానికి సంబంధించినది. యార్డుకు ఫోను చేసిన రైతు ఇంటి సంగతులను గూర్చినది కాదు.