మీకు తెలుసా? చిరాకు వెనక చక్కెర

మైలవరంలో సాయంత్రం కబడ్డీ ఆడుతున్న టైప్-1 డయాబెటిస్ కుర్రాడు ఉన్నట్టుండి తోటివాళ్ల మీద విసుక్కుంటే, అది కోపమే కాకపోవచ్చు. రక్తంలో చక్కెర డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, చిన్నమాటకే చిర్రెత్తుకొస్తుంది. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటయ్యాక మళ్లీ వేలు గుచ్చి చూడాలి.

ఆడుతుంటే చక్కెర ఇలా పడిపోతుందన్న భయంతోనే కొన్ని ఇళ్లలో పిల్లల చేత ఆటలు మాన్పిస్తారు. పాపం, వాళ్లకు ఆటే కాదు, జట్టూ దూరమవుతుంది!

5 నుంచి 17 ఏళ్లవారికి రోజూ సగటున 60 నిమిషాల వ్యాయామం దిగులు లక్షణాలను తగ్గిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. డయాబెటిస్ ఉన్న పిల్లలకు ఇది ఇంకా అవసరం. రోజూ సూదులు, లెక్కలు, బడిలో ప్రశ్నలు మనసును నలిపేస్తాయి మరి.

అయితే ఆటలో జాగ్రత్తా కావాలి. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకున్నా గ్లూకోజును లాక్కుంటుంది. ఆ ప్రభావం రాత్రి నిద్రలోనూ సాగుతుంది. అందుకే ఎక్కువసేపు ఆడినరోజు పడుకోబోయేముందు చక్కెర పరీక్ష తప్పనిసరి.

డయాబెటిస్ వచ్చినా ఆట మానక్కర్లేదు. పాకిస్తాన్ క్రికెట్ పేసర్ వసీం అక్రమ్‌కు 1997లో డయాబెటిస్ బయటపడింది. 1999 ప్రపంచకప్ ఫైనల్లో ఆ జట్టు కెప్టెన్ ఆయనే. 2003 వరకూ అంతర్జాతీయ క్రికెట్ ఆడారు.