4-2-4 వ్యూహం (ఫుట్‌బాల్)

4-2-4 వ్యూహం అనునది ఫుట్‌బాల్ క్రీడలో దాడికి ప్రాధాన్యమిచ్చే జట్టు అమరికలలో ఒకటి. గోల్‌కీపరు కాక మిగిలిన పదిమందిలో నలుగురు రక్షణలోను, ఇద్దరు మైదానం మధ్యభాగంలోను, నలుగురు ముందువరుసలోను ఉంటారు. 1958లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచ కప్పును బ్రెజిల్ ఈ అమరికతోనే గెలుచుకొన్నది.

నేపథ్యం

అంతకు పూర్వం ఐరోపాలో డబ్ల్యూ-ఎం అనే పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉండేది. అందులో రక్షకులు ముగ్గురే. ఒక్కొక్కరు ఎదుటి జట్టులో ఒక్కొక్కరిని కనిపెట్టి ఉండాలి. ఈ పద్ధతిలోని లోపాన్ని బయటపెట్టినది హంగరీ జట్టు. 1953 నవంబరు 25న లండన్ లోని వెంబ్లీ మైదానంలో అది ఇంగ్లాండును 6-3 తేడాతో ఓడించింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్కుటి గోలు ముందు నిలబడక వెనుకకు వచ్చి ఆడాడు. అతనిని వెంబడించిన రక్షకుడు గోలు ముందు చోటు ఖాళీ చేసినట్లే. వెంబడించకపోతే అతడు స్వేచ్ఛగా బంతి అందుకొనేవాడు. ఆ రోజు హిడెగ్కుటి మూడు గోల్స్ చేశాడు.

4-2-4ను మొదట ఎవరు రూపొందించారనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. హంగరీకి చెందిన బేలా గుట్‌మన్ 1957లో బ్రెజిల్ లోని సావో పాలో క్లబ్బుకు శిక్షకుడుగా ఉన్నాడు. అయితే బ్రెజిల్ శిక్షకులు కూడా అప్పటికే ఇటువంటి ప్రయోగాలు చేస్తూ వచ్చారు.

1958 బ్రెజిల్ జట్టు

బ్రెజిల్‌కు ఈ మార్పు అవసరమైనది. 1950లో సొంత గడ్డపై మరకానా మైదానంలో ఉరుగ్వే చేతిలో 2-1తోను, 1954లో హంగరీ చేతిలో 4-2తోను ఆ జట్టు ఓడిపోయింది. దాడి తగ్గకుండా రక్షణ గట్టిపడాలి. శిక్షకుడు విసెంటె ఫియోలా నాల్గవ రక్షకుని ఉంచి, ఒక్కొక్క ఆటగాడిని కాక ఒక్కొక్క ప్రాంతాన్ని కాపాడే పద్ధతిని అనుసరించాడు. సెమీఫైనల్ వరకు బ్రెజిల్ ఒక్క గోలు కూడా ఇవ్వలేదు. దాడి జట్టుగానే పేరొందిన ఆ జట్టు విషయంలో ఈ సంగతి తరచు మరుగున పడుతుంది.

మధ్యభాగంలోని ఇద్దరిపై భారం అధికం. జీటో బంతిని అడ్డుకొనేవాడు, దీదీ దూరపు పాసులతో దాడిని నడిపించేవాడు. ముందు కుడి అంచున గరించా, మధ్యలో వావా, పదిహేడేళ్ళ పీలే, ఎడమ అంచున జగాలో ఉండేవారు. పీలే, గరించా, జీటో ఈ పోటీలలో మొదటిసారి ఆడినది సోవియట్ యూనియన్‌తో జరిగిన మూడవ ఆటలోనే.

ఇద్దరితో మధ్యభాగం నిలవడం కష్టం. ఎదుటి జట్టు అక్కడ ముగ్గురిని నిలిపితే బంతి చేజారుతుంది. ఇందుకు పరిష్కారం జగాలో: బంతి పోయినప్పుడు అతడు వెనుకకు పరుగెత్తి మూడవవాడుగా నిలిచేవాడు. కనుక కాగితం మీద 4-2-4 అయినా మైదానంలో అది తరచు 4-3-3గా మారేది. అంచు రక్షకులు కూడా ముందుకు వెళ్ళేవారు. ఆస్ట్రియాపై ఎడమ రక్షకుడు నిల్టన్ శాంటోస్ గోలు చేశాడు.

జూన్ 29న ఫైనల్లో స్వీడన్ నాల్గవ నిమిషంలోనే గోలు చేసింది. గరించా కుడి అంచున రక్షకుని దాటి ఇచ్చిన బంతులతో వావా రెండు గోల్స్ చేశాడు. ఆ రెండూ ఇంచుమించు ఒకే తీరువి. బ్రెజిల్ 5-2తో గెలిచింది.

తరువాతి కాలం

1962లో బ్రెజిల్ జగాలోను మరింత వెనుకకు ఉంచి ప్రపంచ కప్పును నిలబెట్టుకొన్నది. మధ్యభాగంలో ఎక్కువమందిని నిలిపే పద్ధతులు వ్యాపించడంతో అసలు 4-2-4 క్రమంగా అరుదైపోయింది.

భారత జట్టులో ఈ వ్యూహాన్ని ప్రవేశపెట్టిన ఘనత హైదరాబాదుకు చెందిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీంకు ఇస్తారు. ఆయన శిక్షణలో భారత్ 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోను ఆడాడు.