మొబైల్ అనువర్తనాలలో పదకోశ డేటాబేస్: ఫైలు దోషాలు, వాటి పరిష్కారం

వ్యాససంగ్రహం: క్షేత్రపర్యటనలలో సేకరించిన పదసంపదను మొబైల్ అనువర్తనంగా రూపొందించే పరిశోధకులకు ప్రధాన ఆటంకం తరచుగా భాషకు సంబంధించినది కాదు, ఫైలుకు సంబంధించినది. సిద్ధంగా ఉన్న డేటాబేస్‌ను అనువర్తనంలో పొందుపరిచినప్పుడు తలెత్తే దోషాలను, వాటి కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పదకోశం, ఎస్‌క్యూలైట్, ఆండ్రాయిడ్, ఫైలు దోషాలు, నవీకరణ.

1. ప్రవేశిక

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటం వెలువడిన 1962 నాటికి పదసేకరణ అంటే కాగితం మీది పనే. నేటి పరిశోధకుడు పదాన్ని, అర్థాన్ని, ప్రాంతాన్ని పట్టికలో నింపి, దానిని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌గా మార్చి చేతిఫోనులో ఉంచదలుస్తాడు. 2000లో రిచర్డ్ హిప్ విడుదల చేసిన ఈ సాధనానికి ప్రత్యేకమైన సర్వర్ అక్కరలేదు. పట్టికలు, సూచికలు అన్నీ ఒకే ఫైలులో ఇముడుతాయి. నెట్‌వర్క్ అందని ఊళ్లో కూడా పదం వెదకవచ్చు. అయితే ఆ ‘ఒకే ఫైలు’ అన్న సౌలభ్యమే చిక్కులకు మూలం కూడా.

2. ఫైలు ఉన్నా తెరుచుకోకపోవడం

ఆండ్రాయిడ్ అనువర్తనం జిప్ పద్ధతిలో కట్టిన మూట. అందులోని వనరుల విభాగంలో చేర్చిన డేటాబేస్ ఫోనులోకి చేరినా, ఆ మూటలో ఒక భాగంగానే మిగులుతుంది. దానికి విడిగా చిరునామా ఉండదు. ఎస్‌క్యూలైట్‌కు మాత్రం డిస్కుపై నిజమైన ఫైలు కావాలి. కనుక అనువర్తనం మొదటిసారి నడిచినప్పుడే ఆ ఫైలును తన సొంత డేటాబేస్ ఫోల్డరులోకి నకలు చేసుకోవాలి. ఈ మెట్టు తప్పితే ‘డేటాబేస్ ఫైలును తెరవలేకపోయాము’ అని చెప్పే 14వ సంఖ్య దోషం వస్తుంది. గమ్యస్థానంలో ఫోల్డరు ఇంకా ఏర్పడకపోయినా ఇదే దోషం కనిపిస్తుంది.

దీనికంటె మోసకరమైనది ‘అటువంటి పట్టిక లేదు’ అన్న సందేశం. దీనిని చూసి పట్టిక పేరును వెదుకుతూ గంటలు గడిపేవారున్నారు. లేని ఫైలును తెరవమన్నప్పుడు, సృష్టించే అనుమతి కూడా ఇస్తే, ఎస్‌క్యూలైట్ అదే పేరుతో ఖాళీ ఫైలును పుట్టిస్తుంది. తెరవడం సఫలమే, లోపల మాత్రం ఏమీ లేదు. కాబట్టి ఈ సందేశం ఎదురైనప్పుడు మొదట చూడవలసింది ఫైలు పరిమాణం. సున్నా బైట్లో, కొద్ది కిలోబైట్లో ఉంటే మన పదకోశం అక్కడికి చేరనే లేదన్నమాట.

ఆండ్రాయిడ్ 9తో ఈ సందేశానికి మరొక కారణం తోడైంది. అంతకుముందు చాలామంది ఒక చిట్కా వాడేవారు: వ్యవస్థ చేత ఖాళీ డేటాబేస్ తెరిపించి, ఫోల్డరు ఏర్పడగానే దానిపై తమ ఫైలును నకలు చేయడం. 9వ వెర్షను నుండి మార్పులను ముందుగా పక్క ఫైలులో రాసే ‘వాల్’ పద్ధతి సహజస్థితి అయింది. ఖాళీ డేటాబేస్‌ను మూయకుండా నకలు చేస్తే దాని పక్క ఫైలు మిగిలిపోయి, కొత్త ఫైలులోని పుటలకు బదులు ఆ పాత పుటలే చదవబడతాయి. నిన్నటి వరకు పనిచేసిన అనువర్తనం కొత్త ఫోనులో విఫలమైతే ముందుగా అనుమానించవలసింది దీనినే. నకలుకు ముందు మూసివేయడం పరిష్కారం. ఫోల్డరును నేరుగా సృష్టించుకొని ఆ చిట్కాను మానుకోవడం ఉత్తమం.

పేర్ల విషయంలో ఒక మాట. విండోస్‌లో పెద్దబడి, చిన్నబడి రోమన్ అక్షరాల భేదం పట్టింపు లేదు; ఫోనులో ఉంది. తెలుగు లిపిలో ఫైలు పేరు పెట్టాలన్న ఉత్సాహం నాకూ ఉండేది. కానీ పాత మ్యాక్ ఫైలు వ్యవస్థ ఐత్వాన్ని ఎత్వంగాను, దాని కింది గుర్తుగాను రెండుగా విడదీసి దాచుకుంటుంది. కంటికి ఒకటే అయిన పేరు యంత్రానికి వేరవుతుంది. తెలుగు లోపల ఉంటే చాలు, పేరు రోమన్‌లోనే ఉండనివ్వాలి.

3. సగంలో ఆగిన నకలు

నకలు జరుగుతుండగా వాడుకరి అనువర్తనాన్ని మూసినా, ఫోనులో చోటు చాలకపోయినా సగం ఫైలు మిగులుతుంది. మరుసటిసారి ‘ఫైలు ఉందా’ అని మాత్రమే పరీక్షించే అనువర్తనం ఉందనుకొని ముందుకు సాగుతుంది. తలభాగంలో నమోదైన పుటల సంఖ్యకు, ఉన్న పరిమాణానికి పొంతన లేక 11వ సంఖ్య దోషం, అంటే ఫైలు పాడైందన్న సందేశం వస్తుంది. అప్పుడు ఆండ్రాయిడ్ సహజంగా చేసే పని ఆ ఫైలును తొలగించడం! దానితో సాక్ష్యం కూడా మాయమై మళ్లీ ‘పట్టిక లేదు’ దగ్గరకు వస్తాము. తాత్కాలిక పేరుతో నకలు చేసి, పరిమాణం సరిచూసి, అదే ఫోల్డరులో అసలు పేరుకు మార్చడం ఇందుకు విరుగుడు. పేరు మార్పు జరిగితే పూర్తిగా జరుగుతుంది, లేకుంటే అసలే జరగదు.

‘ఇది డేటాబేస్ కాదు’ అనే 26వ సంఖ్య దోషం వేరు. ఎస్‌క్యూలైట్ ఫైలు మొదటి 16 బైట్లు స్థిరంగా దాని పేరును, ‘ఫార్మాట్ 3’ అన్న మాటను, చివర ఒక సున్నా బైటును కలిగి ఉంటాయి. అవి లేకుంటే ఫైలు బదిలీలో చెడిందని, లేదా సంకేతలిపిలో ఉందని గ్రహించాలి.

4. దోషం చూపని దోషం

కొన్ని తప్పులకు సందేశమే ఉండదు. కంప్యూటరులో వాల్ పద్ధతిలో పదాలు చేరుస్తూ, సాధనాన్ని మూయకుండానే ప్రధాన ఫైలును మాత్రం తీసి అనువర్తనంలో పెడితే, చివర చేర్చిన ఆరోపాలు పక్క ఫైలులోనే ఉండిపోవచ్చు. పదకోశం తెరుచుకుంటుంది, కొన్ని పదాలు ఉండవు. పొందుపరిచే ముందు జర్నల్ పద్ధతిని ‘డిలీట్’కు మార్చి, ఆరోపాల సంఖ్యను మూలంతో సరిపోల్చాలి. ఐఫోనులో ఈ మార్పు మరింత అవసరం. అక్కడ అనువర్తనపు మూటలోని ఫైలును నకలు లేకుండానే చదవవచ్చు గాని రాయడం కుదరదు. వాల్ పద్ధతిలోని ఫైలుకు పక్క ఫైళ్లను సృష్టించే అవకాశం లేక సాధారణంగా 14వ దోషమే వస్తుంది.

5. నవీకరణ, వాడుకరి రాతలు

నేను రూపొందించిన చేనేత పదాల అనువర్తనంలో ప్రతి పదం కింద వాడుకరి తన గమనిక రాసుకొనే వీలు కల్పించాను. రెండవ వెర్షనులో పదాలు పెంచి, పాత ఫైలుపై కొత్తదానిని నకలు చేయించాను. పరీక్షలన్నీ సవ్యంగా సాగాయి. కొద్ది రోజులకు ఒక విద్యార్థిని, మగ్గాల దగ్గర కూర్చొని రాసుకున్న ఉచ్చారణభేదాలు కనిపించడం లేదని తెలిపింది. అవి పదాలున్న ఫైలులోనే ఉన్నాయి; నా నకలు వాటిని తుడిచివేసింది. వాటిని తిరిగి తెప్పించలేకపోయాను.

మనం ఇచ్చే పదాలు ఒక ఫైలులో, వాడుకరి రాతలు మరొక ఫైలులో ఉండాలి. ఎస్‌క్యూలైట్‌లోని ‘అటాచ్’ ఆదేశంతో రెండింటినీ కలిపి ప్రశ్నించవచ్చు. గమనికను వరుస సంఖ్యతో కాక, ఎన్నటికీ మారని పదసంకేతంతో ముడిపెట్టాలి. లేకుంటే కొత్త పదం నడుమ చేరి సంఖ్యలు మారినప్పుడు ఒక పదం గమనిక మరొక పదం కిందికి చేరుతుంది. పదాల ఫైలులో ‘యూజర్ వెర్షన్’ సంఖ్యను నమోదు చేస్తే, ఎప్పుడు మార్చాలో అనువర్తనమే తేల్చుకుంటుంది. ఆండ్రాయిడ్ 6 నుండి ఉన్న స్వయంచాలక బ్యాకప్ ఒక్కో అనువర్తనానికి 25 మెగాబైట్ల పరిమితి విధిస్తుంది. పదాల ఫైలును దాని నుండి మినహాయించి, గమనికల ఫైలును అందులో ఉంచాలి. అలా చేస్తే ఫోను మార్చినప్పుడు పాత పదాల ఫైలు తిరిగి వచ్చి కూర్చోదు, గమనికలు మాత్రం వస్తాయి.